మిద్దె మీది వంట

"నాలుగు కాపీలూ వరసగా పేర్చి దారం కట్టు. చదివే పనేం లేదులే" అని చెప్పి మా ఆయన జయరామ్ స్నానానికి వెళ్ళాడు. ఆయన యూనివర్సిటీలో ఫిజిక్సు చెబుతాడు. ఎండతో వంట చేసే పెట్టె మీద పరిశోధనకు సర్కారు మూడేళ్ళు నిధులిచ్చింది. ఆ గడువు ఈ నెలతో సరి. మధ్యాహ్నం ఢిల్లీ నుంచి కమిటీవాళ్ళు వస్తున్నారు. భోజనం మా ఇంట్లోనే.

ఆ పరిశోధన ఎక్కడ జరిగిందనుకున్నారు? తిరుపతి ఎండలో, మా మిద్దె మీద. అరగంటకోసారి మెట్లెక్కి పెట్టెను ఎండవైపు తిప్పింది నేను. కందిపప్పు ఎంతసేపటికి ఉడికిందో, అన్నం ఏ రోజు పలుకు మీదే ఆగిపోయిందో గడియారం చూసి రాసింది నేను. తళతళలాడే గిన్నెలో ఏదీ ఉడకదని, బయట దట్టంగా మసి పూస్తేనే ఉడుకుతుందని కనిపెట్టిందీ నేనే. ఆ మసి పోకుండా గిన్నెల్ని లోపల మాత్రం కడిగి బోర్లిస్తే మా అత్త సుబ్బులమ్మ ఊరుకుంటుందా? "గిన్నె తోమేదానికి గూడా వొళ్ళు వొంగదా? మీ అమ్మ నేర్పిచ్చింది ఇదేనా?" అని కొళాయి దగ్గర అందరి ముందూ అడిగింది. ఆయన విని నవ్వాడే గానీ, అది నా పరిశోధనమ్మా అనలేదు. అయినా పడ్డాను. ఆ కాగితాల్లో ఏదో ఓ మూల నా పేరుంటుందని ఆశ. సిగ్గు విడిచి చెబుతున్నాను.

నాది ఎస్సెల్సీ ఇంగ్లీషు. కూడబలుక్కుని చదివాను. పట్టికల్లో అంకెలన్నీ నావే. మసి గిన్నె సంగతి మాత్రం పరిశోధకుడు గమనించినదట. సరేలే అనుకుని చివరి పేజీ తిప్పాను. పెట్టె బాగా పనిచేస్తోందనీ, గృహిణులకే దాన్ని వాడే తెలివీ ఓపికా లేవనీ, పరీక్ష జరిగిన ఇంట్లో ఇది రుజువైందనీ, ఆడవాళ్ళకు శిక్షణ ఇవ్వడానికి ఇంకో మూడేళ్ళు నిధులు కావాలనీ రాసి ఉంది.

పరీక్ష జరిగిన ఇల్లు ఒక్కటే. ఆ ఇంటి గృహిణిని నేను. తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను, ఇంకోసారి చదివాను. అదే ఉంది.

తల తుడుచుకుంటూ వచ్చిన ఆయన నా చేతిలో పేజీ చూశాడు.

"అదా! అంతా బాగుండాదని రాస్తే నిధులు నిలిపేస్తారు పంకజా. అందుకని అట్లా రాసినా. నిన్నెవురేమనుకుంటారు? నీ పేరు యాడా పెట్టలేదు కదా!"

ఓదార్పే! నా పేరు లేకపోవడం నాకు చేసిన ఉపకారమట. దారం ముడేసి కాగితాలు ఆయన చేతిలో పెట్టి, పెట్టె తిప్పే వేళయిందని మిద్దెక్కాను.

కమిటీ పెద్దాయన మన నెల్లూరు మనిషే. పప్పన్నం రెండోసారి కలుపుకుంటూ "వంట భేషుగ్గా ఉంది. ఎవరు చేశారయ్యా?" అన్నాడు.

"పెట్టెలోదే సార్. దగ్గరుండి చూసుకున్నా" అన్నాడు మా ఆయన.

గరిటె పట్టుకుని నేను ముందుకొచ్చాను.

"సార్, రిపోర్టు చివరి పేజీలో తెలివి లేని గృహిణి ఒకామె ఉంది. అది నేనే. నా పేరు పంకజాక్షి. ఇంకాస్త పప్పు వెయ్యమంటారా?"