గీతలో మూపురం

అమెరికాలోని కార్లైల్‌లో, గడియారాలకూ రేడియోలకూ లయ తప్పకుండా చూసే క్వార్ట్జ్ ఆసిలేటర్లు చేసే ఆ వర్క్‌షాపులో డ్వైట్ స్టాంబాది ఇరవై రెండేళ్ల సర్వీసు. మొన్న మార్చిలో చేరిన లొరెట్టా సర్క్యూట్ అతనిదానికన్నా తక్కువ నాయిస్, అంటే సిగ్నల్‌లో తక్కువ అలజడి, చూపిస్తోంది. గ్రాఫు కాగితం మీద ఆమె గీత నున్నగా జారిపోతుంది. అతని గీతకు మొదట్లోనే ఒక మూపురం. చూసినప్పుడల్లా డ్వైట్‌కి కడుపు మండిపోయేది. కెపాసిటర్లు మార్చాడు, సర్క్యూట్‌ను రేకు డబ్బాలో బిగించాడు, బ్యాటరీ మీద నడిపాడు. మూపురం పోలేదు.

"నీ బల్లలోనే ఏదో ఉంది. అది నాకిచ్చెయ్," అన్నాడు చివరికి.

"తీసుకోండి. కుర్చీ కూడా కావాలా?" అంది లొరెట్టా.

బల్లలు మారాయి. ఆమె గీత అక్కడా నున్నగానే వచ్చింది. మూపురం మాత్రం అతని వెంటే వచ్చింది. డ్వైట్ విసురుగా లేచి ఆమె దగ్గరికి వెళ్లాడు.

"ఏం దాస్తున్నావో చెప్పు," అని పది నిమిషాలు నిలదీశాడు.

"ముందు మీ గీత చూసుకోండి."

అతని ఖాళీ కుర్చీ ముందు, గ్రాఫులు గీసే ప్లాటర్ పెన్ను కొత్త గీత గీసింది. మూపురం లేదు. డ్వైట్ పొంగిపోయి వచ్చి కూర్చున్నాడు. కూర్చోగానే అతని కాలు ఊగసాగింది, మోకాలు బల్లకు తగులుతూ. పెన్ను మళ్లీ పైకెక్కింది.

"క్వార్ట్జ్ ఏ కుదుపునైనా పట్టేస్తుంది," అంది లొరెట్టా. "మీకు ముందునుంచీ ఈ అలవాటుందా?"

డ్వైట్ గోడ మీది తన పాత గ్రాఫుల వైపు చూశాడు. ఫిబ్రవరి దాకా అన్నీ నున్నగానే ఉన్నాయి. మొదటి మూపురం మార్చిలోది.