చప్పుడు లేని ఇల్లు

ఉదయం ఎనిమిది కొట్టేలోపే జోహ్రా వంట ముగించేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. పక్క డాబా మీంచి పొరుగావిడ తొంగిచూసి, "ఏమే జోహ్రా, మీ ఇంట్లో మనుషులున్నారా, దయ్యాలున్నాయా?" అని వేళాకోళమాడింది. జోహ్రా పెదవుల మీద వేలుంచి గది వైపు చూపింది. గదిలో కూతురు వసీలా చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, కంపెనీ తరఫున ఫ్రాన్సు కొనుగోలుదార్ల ఫిర్యాదులు ఫోనులో వింటోంది.

మహమ్మారి వచ్చి మొరాకోలోని ఫెజ్ నగరానికి తాళం పడగానే ఆ కంపెనీ ఆఫీసు మూసేసి, సగం మందిని తీసేసింది. మిగిలినవాళ్లకు తలా ఒక కంప్యూటరు, దానితోపాటు ఒక నిబంధన ఇచ్చింది. ఇంటి చప్పుడు ఫోనులో వినబడితే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఉద్యోగం ఊడుతుంది. "ఇల్లు కదలకుండా జీతం, ఇంకేం కావాలే నీకు!" అన్నారు చుట్టాలు. ఆ ఇంట్లో సంపాదించేది ఇప్పుడు వసీలా ఒక్కతే. రాగి పాత్రల బజారు మూతబడి తండ్రి అబ్బాస్‌కు పని పోయింది. నలభై ఏళ్లు సుత్తి మోతలో బతికిన మనిషి, పాపం, ఇంట్లో పిల్లిలా నడవడం నేర్చుకున్నాడు.

ఆయనకు దగ్గు పట్టుకుంది. సోమవారం అది ఫోనులో వినబడి హెచ్చరిక వచ్చింది.

"కాస్త ఓర్చుకో నాన్నా, నా ఉద్యోగం పోతుంది," అంది వసీలా.

"నేనెంత, నా దగ్గెంత తల్లీ! నువ్వు పని చూసుకో," అన్నాడాయన.

గురువారం ఒక్క దగ్గూ వినబడలేదు. హమ్మయ్య, తగ్గిందనుకుంది వసీలా. బట్టలుతికే యంత్రం ఇంకా రాలేదని తిట్టిపోస్తున్న ఒక పెద్దావిడను ముప్పావుగంట సేపు బుజ్జగించింది. పైఅధికారి జకరియా ఫోను చేసి, "శభాష్! ఈరోజు మీ ఇల్లు మసీదంత ప్రశాంతంగా ఉంది," అని మెచ్చుకున్నాడు.

విరామంలో టీ కోసం వంటింట్లోకి వెళ్లిన వసీలా కొయ్యబారిపోయింది. తండ్రి నేల మీద ముడుచుకుని, నోటికి దిండు అదిమిపట్టుకుని ఉన్నాడు. ముఖం నీలంగా మారింది. తల్లి ఆయన వీపు రాస్తూ ఏడుస్తోంది, అదీ చప్పుడు కాకుండా.

"ఎప్పట్నుంచమ్మా ఇలా? నన్ను పిలవొద్దూ!"

"ఎలా పిలవనే? 'అది ఫోనులో ఉంది, పిలిచావంటే ఒట్టే' అన్నారు మీ నాన్న."

వసీలా అంబులెన్సుకు కబురు చేయగానే తల్లి గొంతెత్తి ఏడ్చేసింది. అంతలో జకరియా మళ్లీ ఫోను చేశాడు. "విరామం అయిపోయింది, ఎక్కడున్నావ్? ఏమిటా ఏడుపులు? ఇది రెండోసారి, గుర్తుందా?"

వసీలాకు ఒళ్లు మండిపోయింది. అతని మీదకన్నా తన మీద తనకే ఎక్కువ.

"గుర్తుంది సార్. మా నాన్నను దగ్గొద్దన్నది నేనే, ఆ పాపం నాదే. నాచేత ఆ మాట అనిపించింది మాత్రం మీరు. మా ఇంటిని ఆఫీసు చేసుకున్నారు, అందులో మనుషులుంటారని మరిచిపోయారు. రాసుకోండి, రెండోసారే!"

అంబులెన్సు వచ్చింది. ఎంత చెప్పినా ఆయన వదలని దిండును అందులోని నర్సు లాగేసి, "దగ్గనివ్వండమ్మా ఆయన్ని! ఊపిరాడొద్దూ?" అని కసిరింది. అబ్బాస్ అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని కూతురి కళ్లలోకి చూశాడు.

"ఫోను... పెట్టేశావా తల్లీ?"

"పెట్టేశాను నాన్నా. దగ్గు, గట్టిగా దగ్గు!"

మహమ్మారి ఏదో ఒకనాడు పోతుంది, అది తెచ్చిన ఇలాంటి నిబంధనలు మాత్రం మనం ఎదిరిస్తేనే పోతాయి. పని మన ఇంటికి రావచ్చు గాని, ఇంట్లోవాళ్ల ఊపిరి మీద ఏ యజమానికీ హక్కు లేదు.