బోర్లించిన గడప

నేను ఒక గడపను. ప్రస్తుతం బోర్లా పడి ఉన్నాను. ముఖం సిమెంటులో, వీపు మీద పసుపు. అందుకని నా మాటలు కాస్త ఊపిరాడనట్టు వినిపిస్తే తప్పు పట్టకండి. పైకి చూస్తే నా వైభోగానికి ఏ లోటూ లేదు. శుక్రవారం శుక్రవారం కుంకుమ బొట్లు, పండగకు బియ్యప్పిండి ముగ్గు, అటూ ఇటూ పూల కుండీలు. ఇంటికి వచ్చినవాళ్ళంతా నా ముందు ఆగి, "అబ్బ, ఇది ఎక్కడ దొరికిందండీ మీకు" అని అడుగుతారు. దొరికింది అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకరికి దొరికిందంటే ముందు ఇంకెవరో పోగొట్టుకుని ఉండాలి కదా. ఆ ఇంకెవరో సంగతి ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. సరే, మీకు చెబుతాను.

పుట్టుకకు మద్ది చెట్టును. ఏ కొండ మీద పెరిగానో గుర్తు లేదు. రంపం కిందికి వచ్చాక వెనకటి సంగతులు చెట్లకు గుర్తుండవు. ఒక వడ్రంగి నన్ను చెక్కి, చివర్లలో బెజ్జాలు తొలిచి, పేముల వీధిలో ఒక పెంకుటింటి ద్వారబంధానికి అడుగున అమర్చాడు. ఆ వీధిలో అందరూ పేముతో కుర్చీలూ ఊయలలూ అల్లి బతికేవాళ్ళే. నన్ను నిలబెట్టిన రోజున కింద నవధాన్యాలు పోసి, రాగి కాసు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఇంటి యజమాని మీసం దువ్వుకుని, ఇక మా ఇంటికి మనవల నాటిదాకా ఢోకా లేదన్నాడు. గడప పెట్టిన రోజున మనుషులకు వచ్చే ధైర్యం మరెప్పుడూ రాదు, పాపం.

ఆయనకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఎర్రయ్యమ్మ, చిన్నవాడు గురువులు. గురువులుకి అడుగులు వచ్చే వయసులో ఒంటి నిండా అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది, చూపు పోయింది.

గడపను తొక్కకూడదు. ఈ సంగతి ఆ వీధిలో కోడిపిల్లలకు కూడా తెలుసు. దాటాలి, అంతే. కాని గురువులు దాటేవాడు కాదు. ఎడమ చెయ్యి ద్వారబంధానికి ఆనించి, కుడి పాదం తిన్నగా నా మీద మోపి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు లోపలికి అడుగు వేసేవాడు. వీధిలో అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళమ్మ మాత్రం, "ఆడి కళ్ళు ఆ గడపలోనే ఉన్నాయమ్మా, తొక్కనీండి" అని ఊరుకుంది. నాకూ బాగానే అనిపించింది. అందరూ నాకు దండం పెట్టి దాటిపోయేవాళ్ళే, నన్ను తాకి పలకరించినవాడు వాడొక్కడే.

మద్ది కర్ర మొండిది, తొందరగా అరగదు. అయినా అరిగాను. రోజూ అదే పాదం, అదే చోటు. నా కుడివైపున, మడమ దగ్గర లోతుగా, వేళ్ళ దగ్గర పల్చగా ఒక గుంట పడింది. అందులో ఇంకొకరి కాలు పెడితే సరిపోయేది కాదు. వాడు పెద్దవాడై అల్లిక నేర్చాక నా పక్కనే మెట్టు మీద కూర్చుని, తడిపిన పేమును నా ముందంచుకు ఆనించి లాగి వంచేవాడు. అక్కడ గీతలు పడ్డాయి. ఆ గీతలను వేళ్ళతో తడుముకుని, "ఇదుగో నా పలక" అని నవ్వేవాడు.

తల్లీ తండ్రీ పోయారు. ఎర్రయ్యమ్మ పెళ్ళి చేసుకుని వెళ్ళింది, మొగుడు మరొకర్ని తెచ్చుకుంటే తిరిగి వచ్చేసింది. వచ్చిన రోజున నన్ను దాటడానికి సిగ్గుపడి వీధిలోనే నిలబడిపోయింది. గురువులు లేచి, తడుముకుంటూ వచ్చి, ఆమె చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళాడు. అప్పటినుంచీ ఆమె పేము చీల్చేది, అతను అల్లేవాడు. ఇద్దరికీ ఒకరికొకరే. తలలు నెరిసేదాకా అలాగే గడిచిపోయింది. అది చాలని నేను అనుకున్నాను. చాలు అనుకున్నవాళ్ళ ఇంటికే ఎర్ర రంగు గుర్తు వేస్తారు కాబోలు.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు. వీధికి ఒక వైపు ఇళ్ళన్నీ పోతాయన్నారు. బదులుగా ఊరి చివర కాలనీలో తలా ఒక గది ఇచ్చారు. కూల్చే యంత్రం వచ్చిన రోజున ఎర్రయ్యమ్మ ఇంటి కోసం ఏడవలేదు. డ్రైవరు ముందుకు వెళ్ళి, "బాబూ, గోడలు నీ ఇట్టం. గడప మాత్రం ఇరక్కుండా తీసీ" అని చేతులు జోడించింది. అతను మంచివాడే. నన్ను జాగ్రత్తగా లేపి పక్కన గట్టు మీద పెట్టాడు. ఆమె ముందు తమ్ముణ్ణీ, సామాన్లనూ ఆటోలో దింపి, నా కోసం తిరిగి వచ్చింది. అప్పటికి నేను అక్కడ లేను. ఇనుప ముక్కలు ఏరుకునే ఒకాయన రిక్షాలో వేసుకుపోయాడు. ఆయన్ని తిట్టలేను. ఆయనకు నేను రోడ్డు మీద పడి ఉన్న ఒక కర్రను, అంతే.

అలా నూకరాజు పాత సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడ తలుపులన్నీ ఒకదానికొకటి ఆనుకుని వరసగా నిలబడి ఉంటాయి, ఏదీ ఎక్కడికీ తెరుచుకోదు. కిటికీలకు అవతల కిటికీలే కనిపిస్తాయి. రాత్రీ పగలూ ఒకటే గొణుగుడు, మా ఇంట్లో అలా ఉండేది, మా ఇంట్లో ఇలా ఉండేది అని. నా గుంటలో వాన నీళ్ళు నిలిస్తే పిచ్చుకలు తాగి పోయేవి.

ఆ కొట్టుకు భానోజీరావు గారు వచ్చారు. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. ఒక పాత ఇల్లు కొని, దాన్ని పాత సామానుతోనే బాగు చేయించాలని పట్టుబట్టి కూర్చున్నారు. కొత్త కర్ర ముట్టరట, చెట్టును నరికిన పాపం తగులుతుందట. ఆయన మనసు మంచిదే, అందులో అబద్ధం లేదు. ఎవరింటి కిటికీయో తెచ్చి అద్దానికి చట్రం చేశారు. ఎవరి రోటిలోనో మొక్క నాటారు. నన్ను చూడగానే పక్కన గొంతుక్కూర్చుని, "ఇది ఎక్కడిదయ్యా" అని అడిగారు. నూకరాజు ముఖం చూసి మనసు చదివే రకం. "కోట గడప బాబూ. జమీందార్లు నడిసినది" అన్నాడు. ఇంటికి తెచ్చిన రోజున నేను జమీందారు గడపను. మర్నాటికి ఆయన కథలోకి రాణీగారు పారాణి పాదాలతో నన్ను దాటి వచ్చేశారు. ఆ తరవాత ఒక యుద్ధం కూడా జరిగిందని విన్నాను.

పేచీ ఆయన అత్తగారు తాయారమ్మ దగ్గర వచ్చింది. "తలుపులు తెచ్చావు, దూలాలు తెచ్చావు, ఊరుకున్నాను. ఒకరింటి గడప ఇంకో ఇంటికి పెట్టకూడదు బాబూ. వాళ్ళ ఏడుపంతా దాని వెంటే వస్తుంది" అంది. అల్లుడు చదువుకున్న మాటలన్నీ చెప్పాడు. ఆవిడ వినలేదు. భార్య సుభాషిణి ఇద్దరి మధ్యా నలిగిపోయింది. చివరికి ఉపాయం తాయారమ్మే చెప్పింది. గడపను బోర్లించి పెట్టాలి. అడుగు ముఖాన్ని ఎవరూ తొక్కలేదు, దానికి ఎవరూ బొట్టు పెట్టలేదు, కనక అది కొత్తదాని కిందే లెక్క. ఏడుపు ఉన్న ముఖం భూమిలోకి పోతుంది. ఇంత తేలిగ్గా ఏడుపును వదిలించుకోవచ్చని నాకు అంతవరకూ తెలియదు.

వడ్రంగి నన్ను తిరగేసే ముందు సుభాషిణి వచ్చి చూసింది. చెప్పు విడిచి, గుంటలో తన పాదం పెట్టి చూసుకుంది. గుంట ఆమె పాదానికి పెద్దదైంది. "ఎవరిదో కాలు అమ్మా ఇది. ఒక్కరిదే" అంది. తల్లి, "అందుకే బోర్లించమంటున్నాను" అంది. చిత్రిక పట్టి నా వీపును నున్నగా చేశారు. ఈ చివర ఆ చివరకు తిప్పేసరికి నా కుడి ఎడమైంది. నా గుంట నిండా సిమెంటు నింపి, కింద పరిచిన సిమెంటు మీద నన్ను బోర్లా పడుకోబెట్టారు. కింద నవధాన్యాలు పోశారు, కాసు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. భానోజీరావు గారు సంతోషంగా, ఇక ఢోకా లేదన్నారు. ఈ మాట నేను ఇదివరకు విన్నానని చెప్పడానికి నా నోరు సిమెంటులో ఉంది.

ఒక ఉదయం వాకిట్లో ఒక గొంతు వినిపించింది. వయసు మీద పడింది గాని, అది ఎర్రయ్యమ్మ గొంతే. ఊళ్ళో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, నూకరాజును పట్టుకుని, మద్ది గడప ఒకటి ఈ ఇంటికి వచ్చిందని చెప్పించుకుంది. పక్కన గురువులు ఉన్నాడు. అడుగుల చప్పుడును బట్టి మనిషి సగమైపోయాడని తెలిసింది.

"కోప్పడకండమ్మా. మా గడప ఈ ఇంటికొచ్చీసిందని సెప్పినారు. ఒక్కపాలి సూసుకుని ఎల్లిపోతాం" అంది ఎర్రయ్యమ్మ.

"గడపతో మీకేం పనమ్మా" అన్నారు భానోజీరావు గారు.

"మా తమ్ముడికి సూపు లేదు బాబూ. గడప మీద కాలెడితేగానీ ఆడికి ఇల్లని తెల్దు. కాలనీలో గదిచ్చినారు, దానికి గడప నేదు, ఇనుప తలుపొకటి. ఆడు లోపలికి రాడు. ఇది మనిల్లు కాదు, ఇంకా వీధిలోనే ఉన్నాం అంటాడు. బయటే కూకుంటన్నాడు, బయటే తొంగుంటన్నాడు. ఎండకీ మంచుకీ అయిపోతన్నాడు. వానలొస్తే నానేటి సెయ్యను. మా గడప నాకిచ్చీండి, అక్కడెట్టుకుంటాను. మీకు మారుగా కొత్తది సేయించి బిగింపిస్తాను."

ఆయన నిజంగానే జాలిపడ్డారు. "అయ్యో, ఇది మీది అయితే ఈ క్షణమే ఇచ్చేవాణ్ణమ్మా. కాని ఇది కోట గడప. జమీందార్లది" అన్నారు. నన్ను తిరగేశారని ఆయనకు తెలుసు, ఈమె వెతుకుతున్నది రోజూ ఒకే కాలు మోపిన గడప అని ఇప్పుడు తెలిసింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడడానికి ఆయనకు రాణీగారు అడ్డం వచ్చారు. తన నోటితో అంతమందికి చెప్పిన కథను ఆయనే అందరికన్నా ఎక్కువ నమ్మారు.

గురువులు ముందుకు వచ్చాడు. ఎడమ చెయ్యి ద్వారబంధానికి ఆనించాడు. తాయారమ్మ కంగారుగా, "గడప తొక్కకూడదు నాయనా" అంది. "ఒక్కపాలి తొక్కనీండి తల్లీ" అంది ఎర్రయ్యమ్మ. కుడి పాదం నా మీదికి వచ్చింది. ఆ బరువు, ఆ పగిలిన మడమ, ఆ ఒక్క క్షణం ఆగడం. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. వేళ్ళు అటూ ఇటూ వెతికాయి. నున్నటి వీపు తప్ప వాటికి ఏమీ దొరకలేదు. వంగి కూర్చుని, నా ముందు పక్కన చెయ్యి పెట్టి మెల్లగా కిందికి తడిమాడు. అతని పలక అక్కడే ఉంది, సిమెంటు మొదలైన చోటికి వేలెడు కింద. వేళ్ళు సిమెంటు దాకా వచ్చి ఆగిపోయాయి. ఎండకు కర్రలు చిటుక్కుమంటాయి కదా, ఆ పాటి చప్పుడైనా చేద్దామని ఎంత పెనుగులాడానో. ఆ ఉదయం ఎండ కూడా లేదు.

అక్కను అతను అప్పా అని పిలుస్తాడు. "కాదప్పా. ఇది మనది కాదు. నున్నగుంది" అన్నాడు.

సుభాషిణి నోరు తెరిచింది. తాయారమ్మ కూతురి మణికట్టు పట్టుకుంది. గృహప్రవేశం అయిన ఇంటి గడప పెకలిస్తే ఇల్లే పోతుందని ఆవిడ భయం. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కూతురి కాపురం కోసం భయపడ్డ తల్లి. సుభాషిణి నోరు మూసుకుంది. భానోజీరావు గారు, "మజ్జిగ తాగి వెళ్ళండమ్మా, దూరం నుంచి వచ్చారు" అన్నారు. ఇద్దరూ మెట్టు మీద కూర్చుని మజ్జిగ తాగారు. గురువులు వీపు నాకు ఆనుకునే ఉంది. గ్లాసులు కడిగి బోర్లించి, ఎర్రయ్యమ్మ అతని చెయ్యి పట్టుకుని లేపింది.

వానలు మొదలయ్యాక నూకరాజు పెరటి గోడకు పాత ఇటుకలు తెచ్చాడు. బండి దింపుతూ సుభాషిణితో చెప్పాడు. "ఆ సూపు లేనోడు పోనాడమ్మా. ముసురులో బయటే కూకుని తడిసిపోనాడు. జొరమొచ్చింది. ఆలప్ప లోపలికి లాగితే మాయింటికి తీసుకెల్లమని ఏడిసినాడంట. ఆ గదిలోకి ఒక్క అడుగు ఎయ్యకుండానే పోనాడు."

ఆ శుక్రవారం సుభాషిణి నన్ను కడిగింది. పసుపు రాస్తూ రాస్తూ ఎడమవైపుకు వచ్చి, చెయ్యి అక్కడే పెట్టి ఉండిపోయింది. కింద గుంట ఉన్నది సరిగ్గా ఆ చోటే. ఇప్పుడైనా ఎవరినైనా పిలుస్తుందేమోనని చూశాను. పిలిచి మాత్రం ఏం లాభం. లోపలినుంచి తల్లి, "అయిందా అమ్మాయీ" అని అడిగింది. "ఆ, అయింది" అని, బొట్లు పెట్టేసి లేచి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అందరూ నన్ను జాగ్రత్తగా దాటుతున్నారు. ఒక్కరూ తొక్కరు. భానోజీరావు గారు వచ్చినవాళ్ళకు రాణీగారి పాదాల సంగతి చెబుతూనే ఉన్నారు. నా కింద గుంటలో పోసిన సిమెంటు ఎప్పుడో గట్టిపడి రాయి అయింది. గురువులు కుడి పాదం ఈ లోకంలో ఇక మిగిలింది అక్కడే. దాన్ని కప్పుకుని నేను బోర్లా పడి ఉన్నాను.