‘కాని’తో మొదలైన కాగితం

ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. సన్నని తుంపర, పడమటి గాలి. బడి గుమ్మం పక్కన ఉన్న అద్దాల నోటీసు పెట్టె ముందు, పిల్లల ఆరోగ్యం చూసే నర్సమ్మ గొడుగు మడవడం మరిచి నిలబడిపోయింది.

“పక్క భవనం మీది యాంటెన్నాల నుంచి వచ్చే రేడియో తరంగాలను రెండో తరగతి గదిలో కొలిచాము. పరిమితికి మించి ఏమీ కనపడలేదు.”

ఆ చివరి చుక్క ఆమెకు నచ్చలేదు. అక్షరాలన్నీ అచ్చు నలుపు, చుక్క ఒక్కటే నీలం. దాని చుట్టూ తెల్లరంగు గడ్డకట్టి ఉంది. ఎవరో కామాకు తోక కోశారు. కాగితం అడుగున, మూలన, ‘2లో 1’ అని ఉంది. ముప్పై ఏళ్లుగా మందు సీసాల మీది చీమ తలకాయంత అక్షరాలు చదివిన కళ్లు ఆమెవి.

ఆ యాంటెన్నాలు వేసవి సెలవుల్లో వెలిశాయి. బడి తెరిచాక, వాటికి ఎదురుగా కిటికీలున్న రెండో తరగతి నుంచి తలనొప్పి అంటూ వచ్చే పిల్లలు పెరిగారు. కిందటేడు ఇదే నెలలో నలుగురు, ఈసారి పందొమ్మిదిమంది. ఆమె తొందరపడలేదు. కళ్లు పరీక్షించింది. నీళ్లు తాగుతున్నారో లేదో కనుక్కుంది. ఎండ బోర్డు మీద పడి మెరుస్తోందని తెర వేయించింది. తెరతో ముగ్గురు తగ్గారు. మిగిలిన పదహారుమందిలో ఆమె కూతురి కూతురు ఒకతె. ఆ తరువాతే కొలత కోరింది.

ఆమె లోపలికి వెళ్లేసరికి ప్రధానోపాధ్యాయుడు తన గదిలో టీ చల్లార్చుకుంటున్నాడు.

“రెండో కాగితం ఏదండీ?”

“పెట్టెలో ఒక్కటే పడుతుంది నర్సమ్మగారూ. ముఖ్యమైంది పెట్టాం కదా!”

“ముఖ్యమైంది ఆ చుక్కేనా? మీ పెన్ను కక్కిన సిరా జేబు మీద కూడా ఉంది, చూసుకోండి.”

ఆయన చేయి తనంతట తానే జేబును కప్పుకుంది. “మీవి కళ్లు కావమ్మా, సూదులు! ఆ రెండోది ‘కాని’ అంటూ మొదలవుతుంది. చెల్లని కానీ అందరికీ పంచడం ఎందుకు? పిల్లల్ని మాన్పించేస్తారు.”

“ఇలా ఇవ్వండి.”

సొరుగులోంచి తీసి ఇచ్చాడు. ఆమె పైకే చదివింది: “కాని ఈ కొలత సెలవు రోజున, కిటికీలు మూసి, గుమ్మం దగ్గర, నిలుచున్న పెద్దవారి తల ఎత్తున తీసినది. బడి నడిచే వేళ, పిల్లలు కూర్చునే చోట మళ్లీ కొలవనిదే దీనిపై ఆధారపడరాదు.”

“సెలవు రోజున రమ్మన్నదెవరు?”

“నేనే. పిల్లలుంటే ఒకటే అల్లరి కదా.”

“పిల్లల గదిని పిల్లలు లేకుండా కొలిపించారా! జ్వరమొచ్చినవాణ్ణి ఇంట్లో పడుకోబెట్టి, వాడి చొక్కాకి థర్మామీటరు పెట్టినట్టుంది.”

“మనవరాలు ఆ గదిలో ఉందనేగా ఈ కోపం?”

“ఉంది. మిగతా నలభై ఇద్దరికీ అమ్మమ్మలు లేరా?”

“ఆ తరంగాల వల్లే తలనొప్పి అని రుజువుందా మీ దగ్గర?”

“లేదు. అవునని నేననలేదు. కాదని మీరెలా అన్నారు? ‘తెలియదు’ అన్న మాటకి ముసుగేసి ‘లేదు’ అని ఊరేగించారు. తెలియదు అంటే నోరేమైనా అరిగిపోతుందా?”

ఆమె కాగితం చేతబట్టుకుని బయటికి నడిచింది. తన గదికి వెళ్లి గాయాలకు వేసే ప్లాస్టరు చుట్ట తెచ్చింది. రెండో కాగితాన్ని అద్దం మీద, మొదటిదాని పక్కనే, నాలుగు వైపులా అతికించింది. తరువాత అయోడిన్‌లో దూది పుల్ల ముంచి, నీలం చుక్కకు సరిగ్గా ఎదురుగా అద్దం మీద కామా తోక గీసింది.

మధ్యాహ్నానికి తల్లిదండ్రులు గేటు దగ్గర గుమిగూడారు. వారం తిరగకుండానే ఆ తరగతిని అవతలి వైపు, కింది అంతస్తుకు మార్చారు. మళ్లీ కొలిపిస్తామని ప్రధానోపాధ్యాయుడు అందరి ముందూ మాట ఇచ్చాడు. ఆ నెల తలనొప్పులు ఐదుకు తగ్గాయి. కింది గదిలో గాలి ధారాళం, వెలుతురూ మెరుగు; అందుకని నర్సమ్మ తన పుస్తకంలో ‘కారణం’ అన్న గడిలో ‘తెలియదు’ అని స్పష్టంగా రాసి సంతకం చేసింది.

రెండో కొలత బడి నడిచే రోజునే, పిల్లల బల్ల ఎత్తునే జరిగింది, ఆరేళ్ల తరువాత. అంకె మొదటిదానికి నాలుగు రెట్లు, పరిమితికి లోపలే. ఆ నలభై ముగ్గురిలో ఒక్కరూ అప్పటికి ఆ బడిలో లేరు.