పైతోట, కిందితోట

పస్కా పండుగ ఇంకా తొమ్మిది రోజులుంది. ఫ్రేడెల్ పెరట్లో పాత దుప్పటి పరిచి, పిల్లల పుస్తకాలు ఒక్కొక్కటే విప్పి దులుపుతోంది. పండుగ నాటికి యూదుల ఇంట్లో రొట్టె పొడి రవ్వంత కూడా మిగలకూడదు. పిల్లలు బడికి పోయే ఇళ్ళలో జేబులూ సంచులూ దులిపితే సరిపోతుంది. ఈ ఇంట్లో బడీ, భోజనాల బల్లా ఒకటే. లెక్కల పుస్తకం విదిలిస్తే బిస్కెట్ పొడి, భూగోళం విదిలిస్తే కేకు తునకలు. ఆరేళ్ళ చదువూ నములుతూనే సాగినట్టుంది.

భర్త హెషీ కాఫీ కప్పుతో మెట్లమీద నిలబడి చూస్తున్నాడు. చెయ్యి వేద్దామని కాదు, ఒక మాట చెప్పి పోదామని.

"వచ్చే ఏడాది నీకీ బాధ ఉండదులే. రబ్బీతో మాట్లాడేశాను. పండుగ వెళ్ళగానే కల్మన్ ఆయన దగ్గరికి పోతాడు. పన్నెండేళ్ళొచ్చాయి. మగపిల్లాడు ఎన్నాళ్ళని వంటింట్లో కూచుని ధర్మం చదువుతాడు?"

"మాట్లాడేశావా?"

"నీకు కాస్త విశ్రాంతిగా ఉంటుందని."

విశ్రాంతి! అడక్కుండా చేతిలోది లాక్కుని దానికి విశ్రాంతి అని పేరు పెట్టడం హెషీకే చెల్లింది. అలాగని చెడ్డవాడా అంటే కాదు. కార్పెట్ల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి వస్తాడు, చెయ్యెత్తడు, గొంతెత్తడు. అదే ఆమె ప్రాణానికొచ్చింది. అరిచేవాడైతే తిరిగి అరవొచ్చు. మెత్తగా తీసేసుకునేవాణ్ణి ఏం చేస్తారెవరైనా?

ఆమె చేతిలో ఉన్నది కల్మన్ ఒకటో తరగతి వాచకం. అట్ట చివర పళ్ళ గాట్లున్నాయి. ఆరేళ్ళప్పుడు వాడు కుర్చీలో రెండు నిమిషాలు కుదురుగా కూచునేవాడు కాదు, అక్షరాలు చూపిస్తే పుస్తకం కొరికేవాడు. బడివాళ్ళు ఇక మావల్ల కాదని ఇంటికి పంపేశారు. ఆవేళ అత్తగారు బెయ్లా, కోడలి ముఖంలోకి చూస్తూ, "మా వైపు మొద్దులెవరూ లేరమ్మా" అంది. హెషీ అయితే, "ఆ లైబ్రరీ ఉద్యోగం మానేసి నువ్వే చెప్పుకోరాదూ? ఎలాగూ అదేమంత పెద్ద ఉద్యోగం కాదుగా" అన్నాడు. మానేసింది. ఫ్రేడెల్‌కి ఆ లైబ్రరీ వాసనంటే ప్రాణం, ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి తనూ చెప్పలేదు.

వాడు కూచోనప్పుడు తనే లేచింది. మెట్లెక్కుతూ దిగుతూ ఎక్కాలు చెప్పించింది. తేనె రాసిన పళ్ళెంలో వేలితో అక్షరాలు గీయించి నాకించింది. ధర్మశాస్త్రంలో పోయిన వస్తువుల భాగానికి వచ్చినప్పుడైతే ఇల్లంతా బజారైంది. దారిలో చెల్లాచెదురుగా దొరికిన పళ్ళు ఎవరివి, మూటగట్టి దొరికితే ఎవరివి అని తేల్చడానికి కల్మన్ హాల్లో ఎండుద్రాక్ష చల్లుకుంటూ పోయి, మళ్ళీ తనే అమాయకంగా నడిచి వచ్చి "అరె, దొరికింది!" అని నోట్లో వేసుకునేవాడు. నవ్వలేక చచ్చేది ఫ్రేడెల్. ఆ పొద్దుటి పూటలు, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా, కిటికీలోంచి ఎండ బల్లమీదకి జరుగుతూ వచ్చే ఆ గంటన్నర, ఇరవై నాలుగు గంటల్లో తనదంటూ ఉన్నది అదొక్కటే. ఇప్పుడు వాడు ఆఖరిదైన పదో అధ్యాయంలో ఉన్నాడు. బెయ్లా ఇరుగుపొరుగుకి చెప్పుకుంటోంది, "అంతా మా హెషీ బుర్రే" అని. సొమ్మొకడిది, సోకొకడిది.

ఫ్రేడెల్‌కి ఆ ధర్మశాస్త్రం పుస్తకం ముందే తెలుసు, సగం దాకా. క్లీవ్‌లాండ్‌లో వాళ్ళ నాన్న చెప్పులు బాగుచేసేవాడు. ఫ్రేడెల్ తొలిచూలు, తర్వాత వరసగా ముగ్గురు ఆడపిల్లలు. కొడుకు కోసం చూసి చూసి, ఆగలేక, ఈమెనే పక్కన కూచోబెట్టుకుని పుస్తకం తెరిచాడు. పాలిష్ మరక వదలని చూపుడువేలు అక్షరాల కింద జరుగుతుంటే ఆయన పాడినట్టుగా చదివేవాడు, ఈమె వెనకాలే పాడేది. ప్రశ్న దగ్గర గొంతు పైకి లేచేది, జవాబు దగ్గర కిందికి దిగేది. "అలా కాదేమో నాన్నా" అని అడ్డుపడిందంటే ఆయన ముఖం చేటంతయ్యేది. "విన్నావుటే, నీ కూతురు నన్ను ఓడించేసింది!" అని వంటింట్లోకి కేకేసేవాడు. లోకంలో అంతకు మించిన సంతోషం ఉంటుందని ఆమెకి అప్పుడు తెలియదు. ఇప్పుడూ తెలియదు.

అయిదో అధ్యాయం సగంలో ఉండగా ఆమెకి పన్నెండు నిండాయి, ఆలస్యంగా పుట్టిన తమ్ముడికి అయిదు వచ్చాయి. "ఇక చాల్లే తల్లీ, పెద్దదానివయ్యావు. వెళ్ళి అమ్మకి గిన్నెలు తుడిచిపెట్టు. నీకిదంతా దేనికి పనికొస్తుంది?" అన్నాడు నాన్న. ప్రేమగానే అన్నాడు, తల నిమిరి మరీ అన్నాడు. తమ్ముడికి కాళ్ళందకపోతే కుర్చీ మీద రెండు దిండ్లు వేశాడు. ఆయన పోయి పదేళ్ళయింది. కల్మన్‌తో ఆ అయిదో అధ్యాయం సగం దాటిన రోజున ఫ్రేడెల్ బాత్‌రూంలోకి పోయి, కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే హెషీ, "అలిసిపోయావు, కాసేపు పడుకో" అనేవాడు.

ఇప్పుడు మిగిలింది ఒక్క పేరా. అది తల్లీకొడుకులే మిగిల్చారు. ఒక భాగం పూర్తిచేసేవాళ్ళు ఆఖరి పేరా చదవకుండా అట్టేపెట్టి, పదిమందిలో చదివి ముగించి విందు చేస్తారు. దాన్నే సియూమ్ అంటారు. పస్కా ముందురోజు తొలిచూలు మగవాళ్ళకి ఉపవాసం, కొడుకుకి పదమూడు నిండేదాకా వాడి బదులు తండ్రి ఉండాలి. ఆ పొద్దున సియూమ్ జరిగితే మాత్రం అందరూ హాయిగా తినొచ్చు. తొలిచూలు ఆడదాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు, అది వేరే సంగతి. కల్మన్ చేత ఆ పొద్దున అందరూ ప్రార్థనకి కూడే సినగాగ్‌లో సియూమ్ చేయిస్తానని హెషీ ఊరంతా చెప్పాడు.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ఫ్రేడెల్ నోరు తెరిచి అడిగింది.

"ఆ ఆఖరి పేరా ముందు నేనూ వాడూ కూచుని చదువుకుంటాం హెషీ. తర్వాత వాడు అక్కడ చెబుతాడు. పది అధ్యాయాలూ వాడితో నేనే చదివాను. ఆ ఒక్కటీ నన్ను చదవనీ. ఇంకేం అడగను."

"ఒక్క పేరాకి ఇంత రాద్ధాంతమా? అక్కడ నేనుంటాగా పక్కన. కారులో చెప్పేస్తాలే."

"కారులో పది నిమిషాల్లోనా?"

"నాకు రాదనుకున్నావా ఏం?"

బెయ్లా కోడికూర గిన్నె తన వైపు లాక్కుంది. "పండుగ ముందు ఆడదానికి పని తక్కువై కాదమ్మా ఈ గోల. నలభైమందికి కేకులెవరు చేస్తారు? వాడు మగపిల్లాడు, తండ్రి పక్కన నిలబడితే అందం. ఇన్నాళ్ళూ వాణ్ణి చెడగొట్టకుండా చూశావు, అదే పదివేలు."

కల్మన్ తల వంచుకుని పళ్ళెంలో బంగాళదుంప పొడుస్తున్నాడు. వాణ్ణేం అంటుంది? మింగలేక కక్కలేక ఫ్రేడెల్ లేచి సూప్ వడ్డించింది. తొమ్మిదేళ్ళ తిర్జా మాత్రం తల్లి ముఖంలోకే చూస్తూ కూచుంది.

ఆ తర్వాత వారమంతా ఫ్రేడెల్ అలమర్లు కడిగింది, పొయ్యి తోమింది, కేకులు చేసి సినగాగ్ ఫ్రిజ్‌కి పంపింది. గిన్నెలు కడిగే తొట్టి ముందు నిలబడ్డప్పుడల్లా ఆ పేరా తనే పాడుకుంది. ఒకదానిపైన ఒకటి రెండు తోటలు. మధ్యలో మట్టిగోడ. ఆ గోడలోంచి ఆకుకూర మొలిచింది. ఎవరిది? మట్టి నాది, కాబట్టి నాదేనంటాడు పైతోటవాడు. నా తోటలోకి వేలాడుతోంది, నాదంటాడు కిందితోటవాడు. ముగ్గురు పండితులు మూడు రకాలుగా తేలుస్తారు. "అసలది ఏ మట్టి తిని బతికిందో చూడండయ్యా" అని ఒకాయన అన్న చోటికి వచ్చేసరికి ఫ్రేడెల్ అదే మాట రెండుసార్లు పాడేది. మూకుడు మీద కోపం చూపించి గట్టిగా తోమేది.

సియూమ్ నాటి పొద్దున సినగాగ్ కిటకిటలాడింది. ఆడవాళ్ళ వైపు లేసు తెర వెనక ఫ్రేడెల్, ఒక పక్క తిర్జా, ఇంకో పక్క ముత్యాల దండతో బెయ్లా. అవతల హెషీ కొడుకు భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"తండ్రీకొడుకుల ఆరేళ్ళ కష్టం ఇవాళ పండింది," అన్నాడు. "మా ఆవిడ చేసిన కేకులు మాత్రం తినకుండా ఎవరూ వెళ్ళకండి!"

అందరూ నవ్వారు. తండ్రీకొడుకుల కష్టం! ఫ్రేడెల్ చెవులు వేడెక్కాయి. అయినా కల్మన్ గొంతు వినబడగానే కోపమంతా ఎటో పోయి, వాడెక్కడ తడబడతాడోనని ప్రాణం కొట్టుకుంది. మొదటి పండితుడి మాట చెప్పాడు. రెండో ఆయనది చెప్పాడు. వాళ్ళ వాదం, దాని మీద ఎదురువాదం కూడా గట్టెక్కించాడు. మూడో ఆయన దగ్గర ఆగిపోయాడు.

"ఊఁ, చెప్పు నాన్నా," అన్నాడు రబ్బీ.

కల్మన్ తండ్రి వైపు చూశాడు. హెషీ పేజీలోకి చూశాడు, కళ్ళజోడు సవరించుకున్నాడు, దగ్గాడు. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. ఫ్రేడెల్ నాలుక చివరే ఉంది మాట, పెదవి దాటడం లేదు. ముప్ఫై ఏళ్ళుగా మూసుకోవడం అలవాటైన నోరు అది.

అప్పుడు తెర వెనకనుంచి సన్నటి గొంతు లేచింది. "పైతోటవాడు చెయ్యి చాపితే అందినంత వాడిది, మిగిలింది కిందితోటవాడిది..." ప్రశ్న దగ్గర పైకి లేచి, జవాబు దగ్గర కిందికి దిగుతూ, అచ్చం క్లీవ్‌లాండ్ రాగంలో. ఫ్రేడెల్ గిరుక్కున తల తిప్పింది. తిర్జా కళ్ళు మూసుకుని పాడుతోంది.

"ఎవరమ్మా అది? సరిగ్గా చెప్పింది!" అన్నాడు రబ్బీ.

"మా ఇంట్లో గోడలకి చెవులే కాదు, నోళ్ళు కూడా ఉన్నాయండీ," అని హెషీ నవ్వేశాడు. హాలంతా నవ్వింది. బెయ్లా మనవరాలి తొడ మీద గిల్లి, "తప్పు! ఆడపిల్లవి!" అంది. కల్మన్ అందుకుని ముగించాడు. "మజల్ తోవ్" అంటూ అభినందనలు మోగాయి, కేకులు అయిపోయాయి.

ఇంటికి రాగానే హెషీ, కల్మన్ మిగిలిన రొట్టెలు తగలబెట్టడానికి పెరట్లోకి పోయారు. వేళ దాటకముందే ఆ పని అవ్వాలి. ఫ్రేడెల్ కోటు కూడా విప్పకుండా కూతుర్ని వంటింట్లోకి తీసుకుపోయింది.

"అదంతా నీకెలా వచ్చే?"

"నువ్వు తొట్టి దగ్గర పాడావుగా."

"మరి ముందు అధ్యాయాలు?"

"అవీ వచ్చు. పళ్ళు, మూట, ఎద్దుని అద్దెకి తీసుకోవడం, అన్నీ. అన్నతో మొదలుపెట్టగానే నాకు తువ్వాలు ఇచ్చేదానివి కదా. పళ్ళేలు తుడవడానికి చెవులక్కర్లేదు."

"నాకూ చెప్పమని అడగొచ్చు కదే?"

"అడిగాను." తిర్జా మామూలుగానే అంది, నేరం మోపినట్టు కాదు. "పోయిన చలికాలంలో. 'నీకిదంతా దేనికి పనికొస్తుంది, ముందు ఆ గిన్నెల సంగతి చూడు' అన్నావు."

ఫ్రేడెల్ బల్ల పట్టుకుని కూచుండిపోయింది. గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. నాన్న అన్నరోజు ఆయన వేసుకున్న చొక్కా రంగుతో సహా గుర్తుంది, తను అన్నది మాత్రం గాలికి పోయింది. మళ్ళీ అవే మాటలు! ఇన్నాళ్ళూ హెషీ లాక్కున్నాడని, అత్తగారు లాక్కుందని కుమిలిపోయింది. తన పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఒకత్తి తడి పళ్ళేలతో నిలబడి ఉంటే తనే కదా అటు తోసింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఈసారి కుళాయి తిప్పలేదు.

"తప్పు చేశానే తల్లీ," అంది. "చాలా పెద్ద తప్పు."

"ఫరవాలేదులే అమ్మా. కానీ నాకు వినడమే వచ్చు. ఆ పుస్తకంలో అక్షరాలు చూసి చదవడం రాదు."

గోడ గడియారం పది చూపిస్తోంది. చేప ఉడకాలి, గుడ్లు ఒలవాలి, సాయంత్రానికి పద్నాలుగుమంది వస్తారు. బెయ్లా మేడమీదినుంచి, "సూప్ ఎక్కించావా?" అని అప్పటికే రెండుసార్లు అరిచింది. ఫ్రేడెల్ కోటు విప్పి కుర్చీకి తగిలించింది. పుస్తకం తెచ్చి బల్లమీద మొదటి పేజీ తెరిచింది. కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని, దాని వేలు పట్టుకుని మొదటి అక్షరం కింద పెట్టింది. తిర్జా గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

మూడో పదం దగ్గర ఉండగా పెరటి తలుపు తెరుచుకుంది.

"ఫ్రేడెల్, అగ్గిపెట్టె ఎక్కడ? వేళ దాటిపోతోంది!" హెషీ గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏం చేస్తున్నారిక్కడ? ఇవాళ పండుగ పని పెట్టుకుని..."

"పాఠం జరుగుతోంది," అంది ఫ్రేడెల్, పేజీలోంచి తల ఎత్తకుండా. "వెతుక్కో."