నెల తప్పిన మాట

వెంకటేశ్వరి బయట చేరి మూడు నెలలు దాటింది. ‘బయట’ అంటే వీధి అనుకునేరు. రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళకు బయట అంటే ముట్టు. నెలనెలా వచ్చేది రాకుండా పోతే ఏ ఇంటి కోడలికైనా అంతకన్నా శుభవార్త ఉండదు. కానీ ఈ కోడలు ఎనిమిది నెలలుగా సబా అల్ సలేంలో ఒక కువైటీ వాళ్ళింట్లో పనిచేస్తోంది. మొగుడు మునీంద్ర రాయచోటిలో ఆటో తోలుతున్నాడు. ఇంక శుభం ఎక్కడిది, నా తలకాయ!

పద్దెనిమిది నిండీ నిండక ముందే పెళ్ళయింది ఆ పిల్లకి. అత్త చిన్నక్క పరాయిదేం కాదు, సొంత మేనత్తే. మూడేళ్ళ కాపురంలో ‘నెల తప్పిందత్తా’ అనే ఒక్క మాట చెప్పడానికి వెంకటేశ్వరి ఎన్ని మొక్కులు మొక్కిందో, ఎన్ని చేదు పసర్లు తాగిందో ఆ దేవుడికే తెలియాలి. చివరికి మేనత్త నోటే ‘గొడ్రాలు’ అనిపించుకుంది. ఇరవై ఒకటో ఏట కువైటు విమానం ఎక్కింది.

ఇప్పుడు నిజంగానే నెల తప్పింది. చెప్పుకోవడానికి మాత్రం నోరు లేదు. ఇక్కడ ‘మామా’ అని పిలిచే ఇంటి యజమానురాలి చెవిన పడితే పోలీసు కేసు, ఆపైన తిరుగు విమానం. అక్కడ మునీంద్ర చెవిన పడితే కాపురం ఖలాస్. తాను ఏ తప్పూ చెయ్యలేదని ఆమెకు తెలుసు. కానీ నెల తప్పిందంటే కడుపొచ్చిందనే కదా లోకానికి అర్థం! కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా పెద్దలు?

పోలీసుల భయం కన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. తన లోపలంతా ఎండిపోయిందేమో, ఇక ఈ జన్మకు పిల్లలు పుట్టరేమో, అత్త అన్న మాటే నిజమేమో అని. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే ప్రాణి లేదు. బట్టలుతికే మిషన్ పక్కన తన గది. పని చేసుకుంటూ ఒక్కోసారి ఆ మిషన్‌తోనే తెలుగులో మాట్లాడేది, పాపం.

ఇక ఆగలేక ఒక గురువారం ధైర్యం చేసింది. మామా టీ తాగుతుంటే పక్కన నిలబడి, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ పోగేసింది. “మామా, మూడు నెలలు... నాకు బర్రా మాఫీ” అంది.

బర్రా అంటే బయట, మాఫీ అంటే లేదు. మాటకు మాట పెడితే సరిగ్గానే ఉంది. కానీ అరబ్బీలో బయట అంటే బయటే! మామా పాపం నొచ్చుకుంది. ఈ పిల్లను మూడు నెలలుగా గడప దాటించలేదే అని ఆమె గుండె తరుక్కుపోయింది. మర్నాడు పిల్లలతో పాటు కార్లో ఎక్కించుకుని ఎగైలాలో మాల్‌కి తీసుకెళ్ళింది, ఐస్‌క్రీమ్ కొనిచ్చింది.

వెంకటేశ్వరికి ఐస్‌క్రీమ్ తినాలో ఏడవాలో తెలియలేదు. చుట్టూ వందల మంది జనం. తన కష్టం అర్థమయ్యే మనిషి ఒక్కరు లేరు. అది చేత్తో పట్టుకుని అలాగే నిలబడి నిలబడి, కళ్ళు తిరిగి కింద పడింది.

దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి మోసుకుపోయారు. అక్కడ సత్యలక్ష్మి అనే నర్సు ఉంది, అమలాపురం మనిషి. ఆమె నోట తెలుగు వినగానే వెంకటేశ్వరి మంచం మీదే వెక్కివెక్కి ఏడ్చింది. “అక్కా, మూడు నెలలాయ, నెల తప్పింది. నేను ఏ పాపమూ ఎరగనక్కా” అంది.

“ఊరుకోమ్మా, ఆ మాట అనకు, గొడవైపోద్ది. నెలసరి రావట్లేదని చెప్పు” అంది సత్యలక్ష్మి. ఆమే డాక్టరమ్మకూ మామాకూ అరబ్బీలో విడమరిచి చెప్పింది. పరీక్షలు చేశారు. రిపోర్టులు వచ్చేదాకా మామా మొహం గంటుపెట్టుకుని కూర్చుంది.

“కడుపేం లేదు, కంగారు పడకు. ఒంట్లో రక్తం బాగా తక్కువుందంట. థైరాయిడ్డు కూడా తేడాగా ఉందంట. మందులు వాడితే నెలసరి దారిలో పడుద్దంటున్నారు డాక్టరమ్మ.”

“పిల్లలు పుడతారా అక్కా?”

“పుట్టకేం? కానీ ఒక్క ఆడదాన్నే చూసి చెప్పేది కాదమ్మా అది. మీ ఆయన్ని ఎప్పుడైనా చూపించారేంటి?”

ఎవరూ చూపించలేదు. మగవాడిని చూపిస్తారని కూడా ఆమెకు తెలియదు. కానీ ‘పుట్టకేం’ అన్న మాట చాలు, సాయంత్రం మిద్దె మీద బట్టలు తీస్తుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది. మునీంద్రకు ఫోన్ చేసింది. సంతోషంలో ఒళ్ళు మరిచిపోయి పాత మాటే అనేసింది.

“బావా, నెల తప్పి మూడు నెలలాయ. నేను బయపడి ఎవురికీ...”

అవతల ఆటో ఇంజను చప్పుడు ఆగిపోయింది.

“ఎవురికీ చెప్పాకు మే” అన్నాడు మునీంద్ర. “ఆడనే ఎట్నో ఒకట్ల తీపిచ్చుకో. నేను తిట్టను. నాదీ తప్పుంది.”

“నీదేం తప్పు?”

“నీకు పిల్లోళ్ళు పుడతారని నాకు ముందే తెలుసు. పెళ్ళైన ఏడాదికే కడపలో పరీక్ష చేపిచ్చుకుంటి. లోపం నాదే అనె డాక్టరు.”

వెంకటేశ్వరికి ఒళ్ళంతా మంటెత్తింది. తాగిన పసర్లన్నీ ఇప్పుడు మళ్ళీ గొంతులోకి వచ్చినట్టయింది.

“నాకు కడుపు లేదు బావా. రక్తం లేక ముట్టు ఆగిపోయింది. అదే చెప్పబోతి” అంది. తర్వాత గట్టిగా అడిగింది, “మీయమ్మకు ఎందుకు చెప్పలేదు?”

“వద్దు మే, నీకు దండం పెడతా. తెలిస్తే నేను తలెత్తుకోలేను.”

“నేను మూడేండ్లు ఎత్తుకోలేదు గదా!”

ఫోన్ కట్టయింది. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, అత్త నంబరు నొక్కింది. చిన్నక్క ఎత్తి “ఏమ్మే, తిన్యావా?” అంది.

“అత్తా, నేను గొడ్రాల్ని కాదు. లోపం నీ కొడుకుది.”

అరుస్తుందనుకుంది, శాపనార్థాలు పెడుతుందనుకుంది. చిన్నక్క గొంతు తగ్గించింది, పక్కింటికి వినబడకుండా.

“తెలుసు మే. ఆ కడప కాగితం ఎప్పుడో చదివిచ్చుకుంటి. అందుకే గదా నిన్ను కువైటుకు పంపింది. నువ్వాడుంటే పిల్లోళ్ళు లేరేమని మమ్మల్ని ఎవురూ అడగరు.”