గోడవతలి హారన్

విమలాదేవి పెట్టిన ఒట్టు మామూలు ఒట్టు కాదు. లాడ్ బజార్ నడిమధ్యలో, గాజుల బేరాలు ఆపి జనమంతా చూస్తుండగా పెట్టింది. మరిది ఇంటివాళ్లతో తన ఇంటివాళ్లు మాట కలిపినా, ఫోన్ చేసినా, చీటీ రాసి పంపినా, గడప తొక్కినా తన మీద ఒట్టు అంది. వకీలు కూడా అంత జాగ్రత్తగా రాయడు. భర్త విశ్వేశ్వర్, కొడుకు దీక్షిత్ నోరు మూసుకుని దానికి కట్టుబడ్డారు. ఒట్టు తప్పి ఆమెకేమన్నా అయితే ఎవరిది పూచీ?

గొడవంతా ఒక బోర్డు దగ్గర వచ్చింది. అన్నదమ్ములు లక్క గాజుల దుకాణాన్ని మధ్యలో గోడ కట్టి పంచుకున్నారు. సరుకు, బీరువాలు, గల్లా పెట్టెలు సవ్యంగానే పంచుకున్నారు. 'అసలైన పాత దుకాణం' అన్న బోర్డును మాత్రం ఎలా కోయాలో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు రెండు దుకాణాల మీదా అదే బోర్డు వేలాడుతోంది. వచ్చినవాళ్లు రెండూ చదివి, నవ్వుకుని, మూడో దుకాణానికి పోతున్నారు.

బజార్ వెనక గల్లీలో ఉన్న ఇల్లు ఎప్పుడో రెండు వాటాలైంది. నడుమ గోడ ఒకటే. అవతలి వాటాలో తోడికోడలు సుగుణ ఉంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో మొదలైన అలవాటు ఒకటి ఇద్దరికీ ఉండేది. చాయ్ మరిగిందంటే చాలు, వంటింటి గోడ మీద గరిటెతో టక్ టక్ అని రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకో దెబ్బ. అవతలినుంచి అదే జవాబు వచ్చేది, దాని వెనకే మనిషి వచ్చేది. ఒట్టు పడ్డాక ఆ గరిటె మూగబోయింది.

సుగుణకు దమ్ము, అదే ఉబ్బసం, ఉంది. చలికాలం వస్తే గోడ అవతల పొద్దంతా దగ్గుతుంది. మాటలు లేని ఇన్నాళ్లూ విమలాదేవి ఆ దగ్గు వింటూనే వంట చేసుకుంది. 'దగ్గనీ, నాకేం' అనుకుంటూ వినేది. ఈమధ్య ఆ దగ్గు వినబడటం లేదు. గిన్నెల చప్పుడూ లేదు. బజార్‌లో ఎవరినన్నా అడుగుదామంటే, ఆ సంగతి సాయంత్రానికి చార్మినార్ చుట్టూ పాకుతుంది. ఒకరోజు వంటింట్లో ఆమె చెయ్యి జారి గరిటె గోడకు తగిలింది. జారిన గరిటె రెండుసార్లు తగిలి, ఆగి, మళ్లీ ఒకసారి ఎందుకు తగిలిందో ఆమెనే అడగాలి. జవాబు రాలేదు. ఆ పూట విమలాదేవికి అన్నం సయించలేదు. భయం వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు బజార్ పలచబడుతుంది. దీక్షిత్ ఇంటికొచ్చి తిని, ముందు గదిలో టీవీ ముందు కూర్చుని చిన్నప్పటి కార్ల పందెం ఆట పెట్టాడు. ముప్పై దాటినా ఆ ఆట వదల్లేదు. చీపురు పట్టుకుని వచ్చిన తల్లి టీవీలో రెండు కార్లు చూసింది.

"ఒకటి నీది. గా రెండోది ఎవరిది?"

"చెప్తే తిడ్తవు."

"చెప్పకుంటే గూడ తిడ్త."

"అనురాగ్‌ది."

అనురాగ్ సుగుణ కొడుకు. చిన్నప్పుడు వీళ్లిద్దరూ నడుమ గోడలో నల్లా పైపు పోయే కంతలోంచి వైరు లాగి, ఇటో ఆట డబ్బా, అటో ఆట డబ్బా కలిపి ఆడేవాళ్లు. గొడవయ్యాక మరిది చేసిన మొదటి పని ఆ కంతలో సిమెంటు కూరడం.

"కంత మూసిన్రు గదరా?"

"గీ ఆట ఇంటర్నెట్‌ల ఆడరాదమ్మా. డబ్బాలు ఒక్క తాననే ఉండాలె, నడుమ వైరుండాలె. ఆట మీద పానమున్నోళ్లెవరో ఒక సాఫ్ట్‌వేర్ తయారు జేసి ఉత్తగనే ఇచ్చిన్రు. కంప్యూటర్ల ఏస్తే, రెండు డబ్బాలు పక్కపక్కనే ఉన్నయని నమ్ముతయి."

"పక్కపక్కనే ఉన్నయి గద!"

"ఉన్నయి. కని మనది ఇంటర్నెట్ల పడి యాడాడనో తిరిగి వాళ్లింటికి పోతది."

ముక్కెక్కడ అంటే తలచుట్టూ తిప్పి చూపించినట్టుంది ఆమెకు.

"అయితే మాట్లాడుకుంటున్నరా?"

"లేదు. ఆటల వాని పేరు జూసి కలిసిన. మైకు పెట్టలె, రాత గిట్ల పంపలె. నీ మీద ఒట్టాయె. ఉత్త హారన్ కొడ్తం. ఒకసారి కొడితే షురూ, రెండుసార్లు కొడితే దుకాణం తెరవాలె."

కోపం రావాల్సింది. కానీ తన ఒట్టులో ఆట అన్న మాట లేదని ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది.

"వాళ్ల టీవీ యాడుంది?"

"ముందరింట్లనే. చిన్నమ్మ మంచం గూడ ఆడనే ఏసిన్రంట. పాలు పోసే కొండలన్న చెప్పిండు. లేస్తలేదంట, దగ్గెతందుకు గూడ ఓపిక లేదంట."

విమలాదేవి చీపురు పక్కన పడేసింది.

"నాకెందుకు చెప్పలేదురా?"

"వాళ్ల పేరు ఈ ఇంట్ల తియ్యొద్దంటివి."

అదీ నిజమే. ఆమె గోడవైపు చెయ్యి చూపించింది.

"ఎట్లుందో అడుగు."

"హారన్‌తోని ఎట్ల అడగాలె? ఒట్టు తీసెయ్, పోయి అడిగొస్త."

బజారంతా విన్న ఒట్టు. ఎలా తీస్తుంది? చెయ్యి చాచింది.

"గది ఇటియ్యి. ఏది నొక్కితే హారన్?"

రిమోట్ ఆమె చేతికి రాగానే టీవీలో దీక్షిత్ కారు పోయి గోడకు గుద్దుకుని ఆగింది. అవతలి కారు ఒక చుట్టు తిరిగొచ్చి, వింతపడ్డట్టు పక్కన నిలబడింది. విమలాదేవి బొటనవేలితో నొక్కింది. రెండుసార్లు. ఆగి, ఒకసారి.

టీవీ మోగింది. ఒక్క క్షణం ఆలస్యంగా గోడ అవతల కూడా సన్నగా మోగింది, రెండు, ఆగి, ఒకటి.

అనురాగ్ కారు ఒకే ఒక హారన్ కొట్టింది. షురూ చేద్దామని. వాడికేం తెలుసు పాపం, ఇది వాడికి కాదు. ఆమె మళ్లీ నొక్కింది. ఈసారి ఏ కారూ పలకలేదు.

తర్వాత గోడ పలికింది. స్టీలు గ్లాసు చప్పుడు. టక్ టక్. అక్కడ ఆగిపోయింది. ఓపిక చాలలేదేమోనని విమలాదేవి గోడకు చెవి ఆనించింది. చాలాసేపటికి ఇంకొక టక్. ఆ వెంటనే దగ్గు, తెరలు తెరలుగా. జీవితంలో అంత మంచి చప్పుడు ఆమె వినలేదు. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే లేచింది.

"అల్లం దంచు. చాయ్ పెడ్త."

"మరి ఒట్టు?"

"తీసి గట్టు మీద పెట్టిన."

గ్లాసు మీద మూత పెట్టి, కొంగుతో పట్టుకుని, పట్టపగలు గల్లీలో అందరూ చూస్తుండగా అవతలి గడప ఎక్కింది. అనురాగ్ తలుపు తీసి, తప్పుకుని దారిచ్చాడు. లోపల మంచం మీద సుగుణ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, చేతిలో ఇంకా ఆ స్టీలు గ్లాసుతో. సగమై పోయింది మనిషి. అక్కను చూసి, దమ్ము కూడదీసుకుని అడిగింది.

"చాయ్ కానీకె గిన్ని దినాలు పట్టిందా అక్కా?"